నామసామ్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగము)



ఒక పల్లెటూరి పఠనమందిరమున ఒకనాటి సాయంకాలము జరిగిన సంభాషణతో ఈ ప్రసంగము నారంభించుట యుక్తము. పత్రిక ముందుంచుకొని కూర్చున్న విద్యార్థి యొకడు బిగ్గరగా, "తాతా, ఆదిబట్లల అపాచీ తయారైతున్నదట!" అని చదివెను. ప్రక్క బల్లమీది వృద్ధుడు చెవి యొగ్గి, "ఆదిభట్ల వారి హరికథా? దాసుగారు పోయి ఎన్నేండ్లాయె! ఇప్పుడెవరు చెప్తున్నరు?" అని యడిగెను. పట్టణమున కంప్యూటరు చదువు చదివి సెలవులకు వచ్చిన యువకుడొకడు నవ్వి, "అపాచీ అంటే సర్వరు, తాతా. అది తయారై ముప్పయ్యేండ్లాయె" అనెను. గుమ్మము కడ నిలిచినవాడు, "సర్వరేంది? మోటారు సైకిలు" అని తేల్చివేసెను. నలుగురు చెప్పినదియు సత్యమే. నలుగురు మాట్లాడినది మాత్రము వేర్వేరు వస్తువులను గూర్చి.

ఆ వృద్ధుని మనస్సునందు మెదలిన ఆదిభట్ల నారాయణదాసు 1864లో ఉత్తరాంధ్రమునందలి అజ్జాడ గ్రామమున జన్మించెను. కాళ్లకు గజ్జెలు, చేత చిడతలు, నోట సంగీతసాహిత్యములు; ఒక్క మనిషియే సభ నంతటిని గడియల తరబడి కదలనీయక కూర్చుండబెట్టిన హరికథా పితామహు డాయన. 1919లో విజయనగరమున నెలకొల్పబడిన సంగీత పాఠశాలకు ప్రథమాధ్యక్షుడు. ఉమర్ ఖయ్యాము రుబాయీలను పారసీ భాషనుండి సంస్కృతమునకును, అచ్చతెనుగునకును తెచ్చినవాడు. 1945లో దివంగతుడయ్యెను. విద్యార్థి చదివిన ఆదిబట్ల యన్ననో, హైదరాబాదు వెలుపల రంగారెడ్డి జిల్లాలోని ఊరు. అచ్చట టాటా, బోయింగు సంస్థలు కలిసి నెలకొల్పిన కర్మాగారము 2018లో ప్రారంభమయ్యెను. అపాచీ యను యుద్ధ హెలికాప్టరు యొక్క దేహభాగ మందు తయారగును. దాని పొరుగుననే మరికొన్ని విమానముల భాగములు చేయు కర్మాగారములు కలవు. అదే ఊర టాటా వారి సాఫ్ట్‌వేరు కార్యాలయ ప్రాంగణమును గలదు. విమానములును సాఫ్ట్‌వేరును ఒక ఊర చేరినవి. ఆ ఊరి పేరు పలుకగానే తూర్పుతీరపు సంగీతజ్ఞుడు ముసలివారి మనస్సులో మేల్కొనుచున్నాడు. ఆ ఇంటిపేరునకును ఈ ఊరికిని నడుమ నున్నది ఒక్క ఒత్తు మాత్రమే. అచ్చు వేయువారు ఆ ఒత్తు విడిచిరా, ఆ తేడాయు లేదు.

నామసామ్యము క్రొత్తగా పుట్టినది కాదు. భారతమందు కృష్ణనామము గలవా రెందరో చూడుడు. వాసుదేవుడు కృష్ణుడు. అర్జునుని దశనామములలో కృష్ణనామ మొకటి. ద్రౌపది కృష్ణ. ఆ కథ యంతయు చెప్పిన వ్యాసుడు కృష్ణద్వైపాయనుడు. గద్వాల సీమకు ఒడ్డుగా పారు నదియు కృష్ణయే. అయినను నిరక్షరాస్యుడైన శ్రోత సైతము పురాణశ్రవణమున తికమకపడినట్లు వినరాదు. పౌరాణికుడు పేరుతోపాటు సందర్భమును చెప్పును గనుక ఆ చిక్కు రాదు.

కవులకు నామసామ్యము పండుగ. పింగళి సూరన రాఘవపాండవీయమున ఒకే పద్యముచేత రామకథను, భారతకథను నడిపించెను. శ్రీనాథుని శృంగారనైషధమున దమయంతీ స్వయంవర ఘట్టము మరియు రమ్యము. ఇంద్రాదులు నలువురు నలుని రూపు దాల్చి వరుసగా కూర్చుండిరి. సరస్వతి వారిని వర్ణించిన పద్యములు దేవతలకును తగును, నలునికిని తగును. దమయంతి చేత పూలదండ. ఎదుట ఐదుగురు నలులు. ఆమె మూలకథలో ఎట్లు గుర్తించినది? ఎవని కన్నులు రెప్పవాల్చుచున్నవి, ఎవని దండ వాడినది, ఎవని మేన చెమటయు ధూళియు కలవు, ఎవని పాదములు నేల నంటియున్నవి, అని చూచినది. ముఖము చూచి కాదు, నేలను చూచి పోల్చుకొన్నది. గ్రంథాలయ పట్టిక వ్రాయువానికి ఇంతకంటె మంచి గురువు దొరకుట కష్టము.

కావ్యమున నిది అలంకారము. పహాణీలో నిదియే ప్రమాదము. ఒకే గ్రామమున, ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరు గల రైతులు ఇద్దరుందురు. ఒకనిది చెరువు క్రింది తరి, రెండవవానిది గుట్ట ప్రక్క ఖుష్కి. దస్త్రము నకలు వ్రాయునపుడు తండ్రి పేరు ఒక వరుసలో జారిపోవును. ఇద్దరును బ్రతికియున్నంత కాలము ఎవని నాగలి వానిది, పేచీ లేదు. ఒకడు కన్నుమూసి, కుమాళ్లు విరాసత్తు కొరకు వచ్చిననాడు ఆ జారిన పేరు బయటపడును. అటుపిమ్మట సాక్షులు, వకీళ్లు, వాయిదాలు. తరిపొలము అనుభవించినవాని మనుమడు కాగితము లేనివాడై నిలుచును. ఇట్టి కథ యొకటైనను లేని గ్రామము ఈ జిల్లాలలో అరుదు. అందుచేతనే పూర్వులు పట్టాదారు పేరు ప్రక్కన తండ్రి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణము వ్రాయుమనిరి. పేరు పిలుచుటకు మాత్రమే చాలును. హక్కు నిలుపుటకు చాలదు.

ఊళ్ల సంగతియు నంతే. ఆత్మకూరు అనగా ఏ ఆత్మకూరు? అమరచింత సంస్థానపు ఆత్మకూరు నేడు వనపర్తి జిల్లాలో నున్నది. కృష్ణ దాటినచో నంద్యాల జిల్లాలో నొక ఆత్మకూరు. నెల్లూరు సీమలో నింకొకటి. హనుమకొండ వైపునను, సూర్యాపేట వైపునను వేరువేరుగా కలవు. కర్నూలునకును నాగర్‌కర్నూలునకును నడుమ 'నాగర్' అను ఒక్క మాటయే కాపలా. ఉత్తరముపై ఆ మాట మరచినవాడు జాబు కొరకు ఎదురుచూచుచునే యుండును.

ఇక ఈ సీమకు మిక్కిలి దగ్గరి ఉదాహరణము సురభి. ఈ మాటకు నిఘంటువున కామధేను వనియు, వసంత మనియు, పరిమళ మనియు అర్థములు కలవు. 'సురభి' అని ఎవరైన అన్నచో తెలుగువారిలో నూటికి తొంబదిమందికి నాటకములు జ్ఞప్తికి వచ్చును. కొల్లాపుర ప్రాంతీయునకు మాత్రము రాజులు జ్ఞప్తికి వత్తురు. ఈ రెండు సురభులకును చుట్టరికము లేదు.

కొల్లాపుర ప్రభువులు సురభి వంశీయులు. జటప్రోలు సంస్థానము వారిది. జటప్రోలు కృష్ణాతీరమున నుండెడిది, తరువాత కొల్లాపురము రాజధాని యయ్యెను. ఆ వంశమున పదునేడవ శతాబ్దమున సురభి మాధవరాయలు చంద్రికాపరిణయ మను ప్రబంధము రచించెను. వసుచరిత్ర మార్గమున శ్లేషలు కిక్కిరిసిన కావ్య మది. నిఘంటువు ప్రక్కన లేక రెండు పద్యములు దాటుట దుర్ఘటము. అయినను దానిని తెరచినవానికి ఒక సంగతి తోపక మానదు: ఇనుమును నీరును గల ఈ మెట్టసీమలో, కత్తి పట్టిన చేయి ఘంటమును అంత సుకుమారముగా పట్టగలిగినది. సంస్థానములు 1949లో జాగీర్ల రద్దుతో అంతరించెను. శ్రీశైలము జలాశయము నిండునపుడు జటప్రోలు పాతయూరు మునుగగా, అచ్చటి మదనగోపాలస్వామి ఆలయమును రాయి రాయిగా విప్పి వేరొకచోట నిలిపిరి.

రెండవ సురభి కడప జిల్లాలోని యొక గ్రామము. తోలుబొమ్మలాటలతో జీవించుచు మహారాష్ట్రమునుండి వలస వచ్చిన కుటుంబములు కొన్ని అచ్చట నిలిచెను. 1885లో ఒక వివాహ సందర్భమున వారు బొమ్మలకు బదులు తామే వేషములు ధరించి కీచకవధ నాటకము నాడిరి. వనారస గోవిందరావు ఆ సమాజమునకు మూలపురుషుడు. ఆ నాటినుండి ఆ ఊరిపేరే వారి ఇంటిపేరువలె నిలిచెను. తల్లి, తండ్రి, కోడలు, మనుమడు అందరును వేషధారులే. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించిరి. హార్మోనియము, తబలా వాయించువారును ఆ కుటుంబమువారే. మాయాబజారులో ఘటోత్కచుడు ఆకాశమున నెగురుట, రంగస్థలముమీద వాన కురియుట చూచి నోరు తెరువని పిల్లవాడుండడు. తొలి తెలుగు మాటల చిత్రము భక్తప్రహ్లాద 1932లో విడుదల కాగా, అందు లీలావతిగా నటించి పాడిన కమలాబాయి ఈ సురభి బిడ్డయే.

ఇప్పుడు గ్రంథాలయమున ఈ రెండు సురభులకును ఒకే అర నిచ్చినచో ఏమగును? నాటకముల పుస్తకము కొరకు వచ్చిన యువకునికి చంద్రికాపరిణయము చేత పడును. రెండు పుటలు త్రిప్పి, "ఇది మనకు కాదు" అని గ్రంథాలయమునకే దూరమగును. వంశచరిత్ర వెదుకువాడు కీచకవధ చూచి పోవును. ఇంతకంటె పెద్ద నష్టము వేరొకటి కలదు. "కొల్లాపురపు రాజులు నాటకము లాడించిరట, ఆ నాటకములవారికి వారి పేరే పెట్టిరట" అని యొకడు ఊహించి వ్రాయును. రెండవవాడు దానిని చూచి వ్రాయును. మూడవవాడు ఆ ఇరువురిని ప్రమాణముగా చూపును. అంతటితో రాజులకు చేయని దానము కీర్తిగా వచ్చును. బొమ్మలాటవారికి తమ చెమటతో తెచ్చుకొన్న పేరు పరుల భిక్షగా మారును. ఆ చెమట వారిది. దమయంతి నలుని మేన చూచినది దానినే గదా.

అపాచీ కథ దూరదేశపుది యైనను ఇచ్చటికి రాక తప్పదు. ముందుగా అది ఒక జనుల పేరు. అమెరికా నైరృతి దిక్కున ఎడారులు, కొండలు గల దేశమున నివసించిన ఆదివాసులు వారు. జెరోనిమో యను వారి యోధుడు 1886లో అమెరికా సైన్యమునకు లొంగిపోయెను. అపాచీ యన్నది వారు తమకు పెట్టుకొన్న పేరు కాదు. పొరుగువారి భాషలో శత్రువను అర్థము గల మాటనుండి అది వచ్చినదని పలువురు పండితుల అభిప్రాయము. వారు తమ భాషలో తమను 'మనుష్యులు' అని చెప్పుకొందురు.

ఆ పేరును ఎందరు తీసికొనిరో చూడుడు. 1960లో ఇంగ్లండునందు 'షాడోస్' అను వాద్యబృందము గిటారుపై అపాచీ యను గీతము వాయించి పేరు పొందెను. 1967లో బర్మింగ్‌హాములో పంజాబీ కుటుంబమున పుట్టిన స్టీవెన్ కపూర్, జమైకా దేశపు గాయకుని బిరుదమునుండి తీసికొని, అపాచీ ఇండియన్ అను పేర పాడెను. యుద్ధ హెలికాప్టర్లకు ఆదివాసి జాతుల పేర్లు పెట్టుట అమెరికా సైన్యపు వాడుక. 1975లో తొలిసారి ఎగిరిన యంత్రమునకు తరువాత అపాచీ యని పేరిడిరి. ఎవరిని లొంగదీసికొనిరో వారి పేరే ఆయుధమున కిడుట గౌరవమో, మరి యేమో, ఆ జనులే చెప్పవలెను. 1995లో కొందరు కంప్యూటరు నిపుణులు వేరొక సర్వరు కార్యక్రమమునకు అతుకులు వేసి క్రొత్త దానిని చేసిరి. సర్వరనగా తపాలా కచేరీవంటిది. ఎవడే పుట అడిగినచో దానిని వానికి అందించును. ఆంగ్లమున 'ఏ ప్యాచీ' అనగా అతుకులది. ఆ శ్లేష అందరికిని నచ్చినది. ఆ సంస్థ మాత్రము అపాచీ జనులపై గౌరవముతో పెట్టిన పేరని చెప్పుచు, ఒక ఈకను చిహ్నముగా దాల్చెను. 2023లో సాంకేతిక వృత్తులలోని ఆదివాసులు కొందరు, "మమ్ము అడిగి పెట్టితిరా?" అని బహిరంగముగా ప్రశ్నించిరి. ఆ మీదట ఈక గుర్తును విడుచుటకు సంస్థ పూనుకొన్నది. మోటారు సైకిలు కథ వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ ప్రశ్న అమెరికాదని ఊరకుండ వీలులేదు. నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాదు అడవులలో, నల్లమల పెంటలలో చెంచులు కలరు. 1943లో చెంచులక్ష్మి యను చలనచిత్రము వచ్చెను. 1958లో అదే పేర మరియొక చిత్రము వచ్చెను. పాటలు ఊరూర మ్రోగెను. ఆ 1943లోనే హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు పండితుడు, ఈ హైదరాబాదు రాష్ట్రపు చెంచులను గూర్చి వ్రాసిన ఆంగ్ల గ్రంథము ప్రకటితమయ్యెను. వారి గుడిసెలు, తేనె తీయుట, దుంపలు త్రవ్వుట, పెండ్లిండ్లు, చావులు అందు కలవు. ఒకే సంవత్సరమున ఒకే పేర రెండు వచ్చినవి. నూరుగురలో తొంబది తొమ్మండుగురకు సినిమాయే తెలియును. చెంచు అనగానే నెమలియీకలు, నృత్యము మనసున నిలుచును. మన్ననూరు సంతకు తేనెసీసా పట్టుకొని వచ్చిన మనుష్యుడు నిలువడు.

భారతదేశపు విమానములకు పురాణముల పేర్లిడుట యొక వేడుక. బెంగళూరు కర్మాగారమువారు 1958లో పుష్పక్ అను చిన్న విమానమును ఎగురవేసిరి. 2024లో అంతరిక్ష సంస్థవారు తిరిగి వాడగల రాకెట్టు నమూనాకు మరల ఆ పేరే పెట్టిరి. కుబేరునినుండి రావణుడు, రావణునినుండి రాముడు పొందిన విమానము చేతులు మారుట క్రొత్త గాదు. మారుత్, ధ్రువ్, తేజస్ అన్నియు నీ కోవలోనివే. ఇందులో ఎవరికిని నొప్పి లేదు గనుక దీనిని ఇంతటితో విడువవచ్చును.

కంప్యూటరునందు తెలుగు అక్షరములకు పెట్టిన పేర్లు మాత్రము మరికొంత ఆలోచింపదగినవి. పోతన, వేమన అను అక్షరరూపములు కలవు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ కలరు. రాయల సభలో కవిత్వమునకై పోటీపడినవారు నేడు ఒక పట్టికలో వరుసగా కూర్చుండి, పెండ్లి శుభలేఖ కొరకు ఎవరిని ఎన్నుకొందురా యని చూచుచున్నారు! ఆ పట్టికలోనే 'సురవరం' అను పేరు కలదు. పత్రికల శీర్షికలకు తగిన దిట్టమైన అక్షరము. ఫ్లెక్సీ బోర్డులు కట్టు పిల్లవాడు దానిని నొక్కును. "సురవరం పెద్ద సైజుల మంచిగుంటది" అనును. ఆ పేరు గల మనుష్యుడు తన జిల్లావాడేనని వానికి ఎవరును చెప్పియుండరు.

సురవరం ప్రతాపరెడ్డి 1896లో నేటి గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో పుట్టెను. ఇటిక్యాలపాడు ఆయన స్వగ్రామము. తెలుగు చదువునకు ఆదరము కరవైన నిజాము రాజ్యమున, 1926లో గోలకొండ పత్రికను స్థాపించెను. తెలంగాణమున తెలుగు కవులు లేరని యొకరు వ్రాయగా, దానికి కోపముతో బదులు వ్రాయక, ఊరూర కవులను వెదకి 354 మంది రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను తెచ్చెను. లేరన్న మాటకు పేర్లే జవాబైనవి. ఇక గోలకొండ యన్న పేరును ఎట్లు సంచరించినదో చెప్పవలెనన్నచో, అమెరికాలో ఇలినాయి, నెవాడా రాష్ట్రములలో గోల్కొండ యను ఊళ్లు కలవు. ఆ ఊళ్లవారికి ఈ పత్రిక సంగతి తెలియదు, తెలియనక్కరయు లేదు. 1952లో ఆయన వనపర్తినుండి శాసనసభకు ఎన్నికయ్యెను, 1953లో పరమపదించెను. ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చునప్పటికి ఆయన లేడు. 2025లో హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టిరి. అక్షరమునకు, విద్యాలయమునకు ఆయన పేరు కృతజ్ఞతతోనే వచ్చినది. ఆ సామ్యము అపాచీ సామ్యము వంటిది కాదు. కాని ఆయన పుస్తకము అరలో లేనిచో పేరు మాత్రమే మిగులును, సురవరము ఒక లావుపాటి అక్షరముగా నిలిచిపోవును. అందుచేత ఈ గ్రంథాలయమున సాంఘిక చరిత్ర ప్రతి యొకటియైనను చిరుగక, దొరలక యుండవలెను. చందాదారులు దానిని తీసికొనిపోయినచో తిరిగి తేవలెను.

ఈ ఇరువదియైదేండ్ల పండుగ నాడు పెద్దలు క్రొత్త బీరువాలు, క్రొత్త కుర్చీలు కోరుచున్నారు, తప్పు లేదు. దానితోపాటు పట్టిక కార్డులను తిరుగ వ్రాయుటకు ఇద్దరు పిల్లలను నెల దినములు కూర్చుండబెట్టినచో, ఖర్చు కాగితమునకును సిరాకును మాత్రమే. కార్డు మీద పేరు, దాని ప్రక్కన ఊరు, కాలము, వృత్తి. అదే పేరు గల వేరొకటి యున్నచో దానికి దారి. మచ్చునకు కొన్ని:

ఆదిభట్ల నారాయణదాసు: హరికథకుడు, విజయనగరము, 1864–1945. ఊరి కొరకు 'ఆదిబట్ల' చూడుడు.

సురభి: వంశము, జటప్రోలు, కొల్లాపురము. నాటక సమాజము కొరకు 'సురభి, కడప జిల్లా' చూడుడు.

అపాచీ: అమెరికా ఆదివాసులు. గాయకుడు, హెలికాప్టరు, సర్వరు, మోటారు సైకిలు కొరకు వెనుక కార్డులు చూడుడు.

చెంచులు: నల్లమల నివాసులు, నాగర్‌కర్నూలు జిల్లా. చలనచిత్రముల కొరకు 'చెంచులక్ష్మి, 1943', 'చెంచులక్ష్మి, 1958' చూడుడు. హైమెండార్ఫ్ గ్రంథము కొరకు '1943, ఆంగ్లము' చూడుడు. చెంచులు స్వయముగా చెప్పిన కథల కొరకు ఈ వరుసను ఖాళీగా ఉంచవలెను. అమ్రాబాదు పోయి వ్రాసికొని వచ్చువారు ఈ సభలోనే యుందురు.